అగ్నివీర్ నాలుగేళ్లు అయిపోతున్నాయి, కోస్ట్ గార్డ్‌కి ప్రయత్నించాలా?

భావనపాడు_కెరటం | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, భావనపాడు వైపు సముద్రం ఒడ్డున ఊరు. నాన్న వేటకు వెళ్తారు. నేను 2022 నవంబరులో నేవీ అగ్నివీర్ మొదటి బ్యాచ్‌లో చిల్కా (ఒడిశాలో నేవీ ట్రైనింగ్ కేంద్రం) వెళ్లాను, ఎస్‌ఎస్‌ఆర్, అంటే ఇంటర్ లెక్కలు, ఫిజిక్స్ చదివినవాళ్లని తీసుకునే నావికుల ఎంట్రీ. ఈ నవంబరుకి నాలుగేళ్లు నిండుతాయి. ఇప్పుడు పడమటి తీరంలో ఓడ మీద ఉన్నాను.

నలుగురిలో ఒక్కరినే ఉంచుతారని చేరిన రోజునుంచీ తెలుసు. తెలిసినా, ఆఖరి ఏడాది వచ్చేసరికి మెస్‌లో ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు. రాత్రి వాచ్ డ్యూటీలో మాత్రం ఒక్కొక్కరూ ఫోన్‌లో నోటిఫికేషన్లు చూసుకుంటుంటారు. నేనూ అంతే.

నాకు కోస్ట్ గార్డ్ మీద మనసుంది. సముద్రం వదిలి గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం చేయాలని లేదు. కానీ చాలా సందేహాలున్నాయి. నేవీలో చేసిన నాలుగేళ్లు అక్కడ లెక్కలోకి వస్తాయా? మళ్లీ ట్రైనింగ్ మొదటినుంచేనా? జీతం, పెన్షన్ సంగతేంటి? వయసు నవంబరుకి 22 దాటుతుంది, మేం బీసీ-ఏ.

ఇంకొకటి. ఇంట్లో చెబితే నాన్న ఒకే మాట అడిగారు: "అయితే రేపు మా బోటు ఆపి కాగితాలు అడిగేది నువ్వేనా?" ఏం చెప్పాలో తెలియలేదు. ఆ ఉద్యోగం చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గాజువాక_నావికుడు | ఆదివారం, రాత్రి 10:15

తమ్ముడూ, నేను నేవీలో పదిహేనేళ్లు చేసి బయటికొచ్చాను. ముందు ఒక మాట. నేవీలో ఉంచుకునే 25 శాతంలో నువ్వూ ఉండొచ్చు. కోస్ట్ గార్డ్ మీద మనసు పడ్డావని ఇక్కడి పరీక్షలు, ఫైరింగు, ఫిట్‌నెస్సు వదిలేయొద్దు. రెండింటికీ సిద్ధంగా ఉండు.

పెన్షన్ దగ్గరే అసలు తేడా ఉంది, చాలామంది కుర్రాళ్లకి ఇది తెలియదు. నేవీలో నిన్ను రెగ్యులర్ చేస్తే ఇంకో పదిహేనేళ్లు చేస్తావు, పాత పద్ధతి పెన్షన్ వస్తుంది, మాజీ సైనికుడి హోదా వస్తుంది. కోస్ట్ గార్డ్ రక్షణ శాఖ కిందే ఉన్నా, 2004 జనవరి 1 తర్వాత చేరినవాళ్లు ఎన్‌పీఎస్ (జీతంలోంచి నెలనెలా కట్టే కొత్త పెన్షన్ పథకం) కిందికి వస్తారు. సైన్యం, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌కి ఇచ్చిన మినహాయింపు వాళ్లకి లేదు. యూనిఫాం చూసి రెండూ ఒకటే అనుకుని చేరి, తర్వాత బాధపడ్డవాళ్లని చూశాను.

నా ఓటు అయితే నేవీకే.

కాకినాడ_తీరం | ఆదివారం, రాత్రి 11:02

నేను కోస్ట్ గార్డ్‌లో నావిక్‌గా, అంటే మామూలు నావికుడిగా, చేరి ప్రధాన్ అధికారి హోదాలో రిటైర్ అయ్యాను. గాజువాక గారు చెప్పిన పెన్షన్ సంగతి నిజం. అయితే రెండో వైపు కూడా చూడాలి. నేవీలో పదిహేనేళ్లకి బయటికొస్తే నలభై కూడా నిండవు. పిల్లలు స్కూల్లో ఉంటారు, మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి. కోస్ట్ గార్డ్‌లో 57 ఏళ్ల వరకు ఉద్యోగం. 22లో చేరితే 35 ఏళ్ల సర్వీసు. కొత్తగా చేరేవాళ్లకి ఎన్‌పీఎస్ బదులు యూపీఎస్ (ఇంత పెన్షన్ అని ఖాయంగా ఇచ్చే పథకం) ఎంచుకునే వీలు కూడా వచ్చింది, 2025 ఏప్రిల్ నుంచి. పాతికేళ్లు చేసినవాళ్లకి ఆఖరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం పెన్షన్. పాత పెన్షన్‌తో సమానం అనను, కానీ చేతిలో ఏమీ లేకుండా పంపించేదీ కాదు.

ఇక తమ్ముడి ప్రశ్నలు. నేవీలో చేసిన నాలుగేళ్లు సీనియారిటీకి లెక్కలోకి రావు. కొత్త నావిక్‌గానే మొదలు. నావిక్ జీడీకి (జనరల్ డ్యూటీ) బేసిక్ 21,700, డీఏ, మిగతా అలవెన్సులు దానిమీద. ట్రైనింగ్ కూడా మళ్లీ చిల్కాలోనే. అవును, అదే ఐఎన్‌ఎస్ చిల్కా, అదే పరేడ్ గ్రౌండు, అదే ఎండ. రెండోసారి వెళ్లడం మనసుకి కష్టంగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. పక్కన 18 ఏళ్ల పిల్లలుంటారు. నువ్వు ఓడ మీద నాలుగేళ్లు తిరిగొచ్చినవాడివి, వాళ్లతో పాటు తాడు ముడులు మళ్లీ నేర్చుకోవాలి. అక్కడ "నాకు తెలుసు" అనకుండా ఉండగలిగితే నీకు చాలా తేలిక.

నాన్నగారి ప్రశ్నకి రేపు తీరిగ్గా రాస్తాను. అది రెండు ముక్కల్లో చెప్పేది కాదు.

లెక్కల_మాస్టారు | సోమవారం, ఉదయం 6:20

నేను టెక్కలిలో డిఫెన్స్ పరీక్షలకి లెక్కలు చెబుతాను బాబూ. వయసు గురించి నీకు టెన్షన్ అక్కర్లేదు. నావిక్ జీడీకి మామూలుగా 18 నుంచి 22. ఓబీసీలకి మూడేళ్ల సడలింపు ఉంది. దీనికి తోడు 2022 జూన్‌లో రక్షణ శాఖ అగ్నివీరులకి కోస్ట్ గార్డ్‌లోనూ, డిఫెన్స్ సివిల్ పోస్టుల్లోనూ, 16 రక్షణ ప్రభుత్వ రంగ సంస్థల్లోనూ 10 శాతం రిజర్వేషన్ ప్రకటించింది, అవసరమైన వయసు సడలింపుతో సహా. ప్రతి నోటిఫికేషన్‌లో "ఫలానా తేదీకీ ఫలానా తేదీకీ మధ్య పుట్టినవారు" అని అచ్చు వేస్తారు. ఆ వరుస వేలు పెట్టి చదువు.

పరీక్ష నీకు కొత్త కాదు. మొదటి భాగం 60 ప్రశ్నలు, 45 నిమిషాలు: లెక్కలు 20, సైన్సు 10, ఇంగ్లిషు 15, రీజనింగ్ 10, జీకే 5. రెండో భాగం 50 ప్రశ్నలు, అరగంట: లెక్కలు, ఫిజిక్స్ చెరి సగం. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలకూడదు. మావాళ్లు ఓడిపోయేది రెండో భాగంలోనే. అరగంటలో 50 అంటే ఒక్కోదానికి 36 సెకన్లు. ఇంటర్ లెక్కలు నాలుగేళ్లు ముట్టుకోకపోతే చెయ్యి సాగదు. ఓడ మీద రోజూ ఓ గంట దొరికించుకో.

పరుగు 1.6 కిలోమీటర్లు ఏడు నిమిషాల్లో, 20 గుంజీలు, 10 పుషప్‌లు. నీకు అది లెక్కే కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఓబీసీ సర్టిఫికెట్. మీసేవలో తీసుకునే రాష్ట్రం తాలూకు బీసీ కులధ్రువీకరణ పత్రం అక్కడ చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, నాన్ క్రీమీలేయర్ అని ఉండాలి, నోటిఫికేషన్‌లో ఇచ్చిన తేదీల మధ్యే తీసుకున్నదై ఉండాలి. రెండేళ్ల క్రితం మా దగ్గర చదివిన కుర్రాడు రాతపరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నాడు, పరుగులో ముందొచ్చాడు. కాగితాల బల్ల దగ్గర సర్టిఫికెట్ పాత నమూనాలో ఉందని వెనక్కి పంపేశారు. ఫోన్‌లో ఏడ్చాడు వాడు. నీ పేరు, మీ నాన్న పేరు పదో తరగతి మెమోలో, ఆధార్‌లో అక్షరం అక్షరం ఒకేలా ఉన్నాయో లేదో ఈ రోజే చూడు.

ఇందూరు_ఫౌజీ | సోమవారం, ఉదయం 8:05

నేను నిజామాబాద్ జిల్లా. ఆర్మీల 17 ఏండ్లు చేసిన. తమ్మీ, నీది చిన్న వయసు కాబట్టి యూనిఫాంల పోవచ్చు. నా అసొంటి వాళ్లకు 35, 36 దాటినంక నావిక్‌గా పోయే వీలు లేదు. కానీ కోస్ట్ గార్డ్‌లో సివిల్ పోస్టులు కూడా ఉంటయని మనోళ్లకు తెల్వదు. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ డ్రైవర్, స్టోర్ కీపర్, ఫైర్‌మన్, ఇంజిన్ డ్రైవర్, సారంగ్ లస్కర్ (చిన్న బోట్లు నడిపే పోస్టు), ఎంటీఎస్ (ఆఫీసుల చిన్న పనుల పోస్టు). గ్రూప్-సి పోస్టుల్ల మాజీ సైనికులకు 10 శాతం కోటా ఉంటది. వయసుల నుంచి చేసిన సర్వీసు తీసేసి, మీద మూడేండ్లు కలుపుతరు.

నేను అట్లనే డ్రైవర్‌గా చేరిన. ఆర్మీ పెన్షన్ వస్తనే ఉంది, ఇక్కడ జీతం వేరే. సముద్రం అంటే సినిమాల చూసుడే తప్ప తెల్వని మనిషిని, ఇప్పుడు రోజూ పొద్దుగాల జెట్టీ మీద బండి ఆపుకొని చాయ్ తాగుతున్న. ఓడ వచ్చినంక సముద్రంల దొరికినోళ్లను దింపుతుంటే చూస్త. పోయిన వానాకాలం ఒకాయన దిగి ఫస్ట్ ఇసుకను ముట్టుకున్నడు.

నా తోటి రిటైర్ అయినోళ్లు ఈ ముచ్చట చదువుతుంటే, ఈ పోస్టులు చూసుకోండ్రి.

రాజోలు_అమ్మాయి | సోమవారం, మధ్యాహ్నం 1:30

నేనూ అదే మొదటి బ్యాచ్. మా బ్యాచ్‌లో 273 మంది అమ్మాయిలం చిల్కా నుంచి పాసయ్యాం, నేవీలో నావికులుగా చేరిన మొదటి అమ్మాయిలం మేమే. ఇక్కడ అందరూ నావిక్ జీడీ గురించి చెబుతున్నారు. ఆ నోటిఫికేషన్ తెరిస్తే మొదటి వరుసలోనే "పురుష అభ్యర్థులు" అని ఉంటుంది. నాలుగేళ్లు ఇదే సముద్రం మీద, ఇవే వాచ్ డ్యూటీలు నేనూ చేశాను. ఆ వరుస చూసినప్పుడల్లా గుండెలో ఏదో గుచ్చుకుంటుంది. నాకు దారి ఉందా?

కాకినాడ_తీరం | సోమవారం, రాత్రి 8:45

అమ్మా, నీకు దారి ఉంది, అది ఇంకా పెద్దది. అసిస్టెంట్ కమాండెంట్ అనే ఆఫీసర్ పోస్టుకి అమ్మాయిలని తీసుకున్న నోటిఫికేషన్లు ఉన్నాయి, కొత్తది వచ్చినప్పుడు ఆ వరుస చూసుకో. డిగ్రీ కావాలి, ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉండాలి. ఎస్‌ఎస్‌ఆర్ అయితే ఆ రెండూ నీకు ఉన్నట్టే. ఇగ్నో వాళ్లు అగ్నివీరుల కోసం పెట్టిన డిగ్రీలో సగం క్రెడిట్లు సర్వీసు ట్రైనింగ్‌కే ఇస్తారు. అది మొదలుపెట్టి ఉంటే పూర్తి చెయ్యి.

ముందు సీజీక్యాట్ అని కంప్యూటర్ పరీక్ష: 100 ప్రశ్నలు, 400 మార్కులు, తప్పుకి ఒక మార్కు పోతుంది. తర్వాత ప్రిలిమినరీ బోర్డు, ఆ తర్వాత నోయిడాలో ఫైనల్ బోర్డు. ఎంపికైతే ట్రైనింగ్ కేరళలో ఎళిమల నేవల్ అకాడమీలో. వయసు 21 నుంచి 25. సర్వీసులో ఉన్నవాళ్లకి జీడీ బ్రాంచిలో ఐదేళ్ల సడలింపు ఇస్తూ వస్తున్నారు, అందుకని డిశ్చార్జి కాకముందే కదులు. ఎన్‌ఓసీ (వేరే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడానికి మీవాళ్లిచ్చే అనుమతి పత్రం) కోసం మీ యూనిట్ రెగ్యులేటింగ్ ఆఫీసులో ఇప్పుడే కాగితం పెట్టు. ఎన్‌ఓసీ చేతికి రావడానికి వారాలు పడుతుంది.

ఇక భావనపాడు తమ్ముడికి, వాళ్ల నాన్నగారికి.

నేనూ ఒడ్డు ఊరివాడినే. మా నాన్న సోనాబోటు (చేపలవేట మరబోటు) మీద కళాసీ. చేరిన కొత్తలో నాకూ ఇదే గుబులు. చెప్పాలంటే, కోస్ట్ గార్డ్ 1977 ఫిబ్రవరి 1న మొదలైంది స్మగ్లింగ్ ఆపడానికి. 1978లో చట్టం వచ్చింది. ముంబై దాడుల తర్వాత 2009లో తీరప్రాంత జలాల భద్రత బాధ్యత కూడా మాకే అప్పగించారు. అప్పటినుంచి బోర్డింగ్‌లు పెరిగాయి. బోటు ఆపడం, రిజిస్ట్రేషన్ చూడడం, కార్డులు చూడడం. వేటగాడికి ఇది చికాకే. వల నీళ్లలో ఉండగా ఎవరైనా వచ్చి కాగితం అడిగితే ఎవరికి నచ్చుతుంది?

2014 అక్టోబరు, హుద్‌హుద్‌కి రెండు రోజుల ముందు. మేం కాకినాడకి ఎగువన ఉన్నాం. చానెల్ 16లో, అంటే సముద్రం మీద అందరూ వినే రేడియోలో, హిందీలో, ఇంగ్లిషులో చెబుతూనే ఉన్నాం: ఒడ్డుకి వెళ్లిపొండి, తుఫాను వస్తోంది. ఒక బోటు మాత్రం కదలడం లేదు. దగ్గరికి వెళ్లాం. మా ఆఫీసర్ కేరళ ఆయన. ఓడ మొత్తం మీద తెలుగువాడిని నేనొక్కణ్ణే. లౌడ్ హెయిలర్ (చేతి మైకు) నా చేతికిచ్చి "నువ్వు మాట్లాడు" అన్నారు.

నేను అరిచాను: "మామా, ఎల్లిపోండి, పెద్ద తుఫాను." సరంగు కిందనుంచి చేతులూపుతూ అరిచాడు: "వల దిగి ఉంది బాబూ, తియ్యడానికి గంట పడతాది. కోసేసుకుంటే రెండు లక్షలు పోతాయి, అప్పు మీద కొన్నది." నేను తిరిగి ఆఫీసర్‌కి చెప్పాను. ఆయన గడియారం చూసుకుని, ఆకాశం చూసి, "గంట ఇద్దాం, కానీ మనం ఇక్కడే ఉంటాం" అన్నారు. అలలు అప్పటికే లేస్తున్నాయి. మేం గాలి వచ్చే వైపు అడ్డంగా నిలబడ్డాం, వాళ్ల మీద అల విరగకుండా. ఐదుగురు మనుషులు 50 నిమిషాల్లో వల లాగేశారు. ఆఖరున ఒక కుర్రాడు, పదహారేళ్లుంటాయేమో, ఒక చందువా చేప ఎత్తి మాకు చూపించాడు, తీసుకోమని. మేం తీసుకోలేదు. వాళ్ల వెనకే హార్బర్ కనిపించేదాకా వచ్చాం.

నేను ఆ రోజు లేకపోతే? బహుశా వల కోసుకుని వెళ్లేవాళ్లు. లేదా వెళ్లేవాళ్లు కాదు.

ఇంకోసారి మా మేనమామ ఊరి బోటే ఎక్కాను. కాగితాలు సరిగానే ఉన్నాయి. లైఫ్ జాకెట్లు మాత్రం ఇంజిన్ గదిలో, మూట విప్పకుండా, కొన్నప్పటి కవర్‌తో ఉన్నాయి. మామయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేనే మూట విప్పి అందరికీ తొడిగించాను. ఇంటికి వెళ్లినప్పుడు నెలరోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత మాట్లాడాడు.

నాన్నగారికి చెప్పు: అవును, కాగితాలు అడిగేది నేనే కావచ్చు. కానీ నీ భాషలో అడుగుతాను.

విశాఖ_ఇల్లాలు | సోమవారం, రాత్రి 10:30

తమ్ముడూ, మా ఆయన కోస్ట్ గార్డ్. పెళ్లయి పదకొండేళ్లు. ఇంటివాళ్ల వైపునుంచి కూడా ఒకరు చెప్పాలని రాస్తున్నాను.

కోస్ట్ గార్డ్ అంటే ఇంటి దగ్గర తీరంలోనే ఉంటాననుకోకు. మేం గుజరాత్‌లో వాడినార్‌లో ఉన్నాం, అండమాన్‌లో డిగ్లీపూర్‌లో ఉన్నాం. డిగ్లీపూర్‌లో పాపకి జ్వరం వస్తే రాత్రి నేనొక్కదాన్నే, ఆయన సముద్రం మీద. పక్క క్వార్టర్ ఒడిశా ఆవిడ వచ్చి తెల్లవార్లూ కూర్చుంది. ఆవిడతో ఇప్పటికీ ఫోన్‌లో మాట్లాడుకుంటాం. ఓడలు నేవీ వాటికంటే చిన్నవి. 50 మీటర్ల గస్తీ ఓడ వానాకాలంలో ఎలా ఊగుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చాక కూడా మొదటి రోజు మా ఆయన గోడ పట్టుకుని నడుస్తారు. షర్టు విప్పి కుర్చీ మీద వేస్తే ఉప్పుకి బిగుసుకుపోయి అలాగే నిలబడుతుంది.

భయం కూడా ఉంది. 2024 సెప్టెంబరులో పోర్‌బందర్ దగ్గర రాత్రిపూట ఒక ట్యాంకర్ మీద దెబ్బతిన్న మనిషిని తీసుకురావడానికి వెళ్లిన హెలికాప్టర్ సముద్రంలో పడిపోయింది, ముగ్గురు పోయారు. నాలుగు నెలలకి అదే పోర్‌బందర్‌లో ఇంకొకటి, మళ్లీ ముగ్గురు. ఆ వారం మా కాలనీలో ఎవరింట్లోనూ టీవీ పెట్టలేదు.

అయినా ఆయన వేరే ఉద్యోగంలో ఉంటే బాగుండును అని నాకు అనిపించలేదు. 2019 ఆగస్టులో విశాఖ దగ్గర కోస్టల్ జాగ్వార్ అనే ఓడ తగలబడినప్పుడు 29 మంది నీళ్లలోకి దూకేశారు. కోస్ట్ గార్డ్ ఓడ రాణీ రాష్‌మోణి ముందుగా చేరి తీసింది, 28 మంది బతికారు. అలాంటి వార్త విన్నరోజు మా ఆయన అన్నం తింటూ ఏమీ మాట్లాడరు, కానీ ఆ మౌనం వేరేగా ఉంటుంది.

పెళ్లి చేసుకునే అమ్మాయికి ఇవన్నీ ముందే చెప్పు.

గాజువాక_నావికుడు | మంగళవారం, ఉదయం 7:10

కాకినాడ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పెన్షన్ మీద నా మాట నేను వెనక్కి తీసుకోను, అది కుటుంబం భవిష్యత్తు. కానీ "నేవీకే నా ఓటు" అన్నది తొందరపడి అన్నాను. నేవీలో పదిహేనేళ్లలో నేను నిజంగా ఒక మనిషిని నీళ్లలోంచి లాగింది ఒకే ఒక్కసారి. అది ఇప్పటికీ చెప్పుకుంటాను. మీకు అది రోజువారీ పని.

తమ్ముడికి ఇంకో జాగ్రత్త. సేవా నిధి 11.71 లక్షలు చేతికొస్తుంది కదా, ఆ డబ్బు వాసనకి ఏజెంట్లు వస్తారు. మర్చంట్ నేవీలో పెట్టిస్తాం, మీ నేవీ అనుభవానికి నేరుగా ఓడ ఎక్కిస్తాం అని. నేను బయటికొచ్చిన కొత్తలో ఒకాయనకి లక్షన్నర కట్టాను, ఓడ రాలేదు, డబ్బు రాలేదు. డీజీ షిప్పింగ్ (ఓడల ఉద్యోగాలని చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు) లైసెన్సు ఉన్న కంపెనీయా కాదా అన్నది వాళ్ల సైట్‌లో చూడకుండా రూపాయి కూడా ఇవ్వకు. ఆ డబ్బు ముందు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేసి ఆర్నెల్లు ముట్టుకోకు.

భావనపాడు_కెరటం | శనివారం, రాత్రి 9:15

అందరికీ పేరుపేరునా థాంక్స్. అక్కా, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను ఫోన్‌లో. డిగ్లీపూర్ దగ్గర ఆపమంది. కాసేపయ్యాక మళ్లీ చదవమంది.

ఎన్‌ఓసీకి దరఖాస్తు పెట్టాను. మాస్టారూ, మీరు చెప్పినట్టు చూస్తే నాన్న పేరు పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. అన్నయ్య మండలాఫీసుకి వెళ్లాడు, సర్టిఫికెట్ కేంద్రం నమూనాలో అడిగి తీసుకుంటాడు. నేవీ రిటెన్షన్ పరీక్షలకి చదువు మానలేదు. రెండింట్లో ఏది ముందు వస్తే అది. కానీ మనసు ఎటుందో నాకు తెలిసిపోయింది.

కాకినాడ అన్నా, మీరు రాసింది నాన్నకి పూర్తిగా వినిపించాను. హుద్‌హుద్ అప్పుడు నాన్న ఇక్కడ లేరు, వెరావల్ బోటు మీద ఉన్నారు, గుజరాత్‌లో. ఏమీ అనలేదు. "గంట ఆగారా?" అని మాత్రం అడిగారు. ఆగారన్నాను.

పొద్దున్న అన్నయ్య ఫొటో పంపాడు. వేట నిషేధం కాబట్టి బోటు ఒడ్డు మీదే ఉంది. నాన్న రిజిస్ట్రేషన్ కాగితం, అందరి కార్డులు కొత్త ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, స్టీరింగ్ పక్కన మేకుకి తగిలించారు. దాని కింద పెయింట్‌తో 1554 అని రాయించారు, ఆపదలో కోస్ట్ గార్డ్‌కి చేసే నంబరు. లైఫ్ జాకెట్లు మూట విప్పి ఎండలో ఆరేసి ఉన్నాయి.

కాకినాడ_తీరం | శనివారం, రాత్రి 9:50

జాకెట్లు ఎక్కువసేపు ఎండలో ఉంచొద్దని చెప్పు, గుడ్డ పాడవుతుంది. నీడలో ఆరబెట్టమను.